ఫోటో కింద రాసిన మాట

గుర్రాలు మేపుకునే కొండల్లో, అట్‌బాషీ దగ్గరి పల్లెలో ముప్పై ఏళ్లుగా గ్రంథాలయం నడుపుతున్న దారీకాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పుస్తకంలో పెన్సిలు గీత కనిపిస్తే చాలు, గీసినవాళ్ల తాట తీసేది.

ఒకనాడు పోస్టులో ఓ ఫోటోల పుస్తకం వచ్చింది. నిరుడు వేసవిలో కొండమీది గుడారాల దగ్గర ఆమెను ఫోటో తీసుకుపోయిన పెద్దమనిషి పంపాడు. పక్కింటి అసిల్‌కాన్ పేజీ తిప్పి పకపకా నవ్వింది.

"ఏంటక్కా, బావ ఎప్పుడు పోయాడు? మాకు చెప్పనే లేదే!"

ఫోటోలో దారీకా తలగుడ్డ కొసతో కళ్లు ఒత్తుకుంటోంది. కింద 'మొగుణ్ణి తలచుకుని ఏడుస్తున్న వితంతువు' అని రాసి ఉంది.

"వాడి కళ్లు పేలిపోను! ఒక మనిషి సంగతి చెప్పాలంటే పుస్తకం రాసేవాడికి నాలుగొందల పేజీలు చాలవే, వీడికి ఒక్క నొక్కుతో నేను అర్థమైపోయానా?"

ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆమె అచ్చు పుస్తకం మీద కలం పెట్టింది. ఆ వాక్యం కొట్టేసి, కాగితం చిరిగేంతగా ఒత్తి రాసింది:

"ఇది ఏడుపు కాదు, పిడకల పొగ. ఈ ఫోటో తీసినవాడికి గుర్రపు పాల గిన్నె చేతికందించింది నా మొగుడే."