లావణ్య వదిన గురించి అర్జెంట్

ఒక్క ఈమెయిలుతో ఒక మనిషిని దుబాయిలో విమానం ఎక్కించి కోరుట్ల బస్టాండులో దింపిన ఘనత నాది! అదెంత పెద్ద ఆపదో చెబుతాను. చదివి నవ్వుకోండి, కానీ మా దుకాణానికి వచ్చినప్పుడు మాత్రం నవ్వకండి. బాపు ఇంకా గల్లా దగ్గరే కూర్చుంటాడు.

మాది బట్టల దుకాణం. నడక కంటే ముందు బేరం నేర్చుకున్నదాన్ని. ఆ ఏడు సిరిసిల్ల వెళ్లి, మరమగ్గాల చప్పుడును మించి అరిచి, బతుకమ్మ కోసం చీరలు తెచ్చాను. "తీస్కపో తల్లీ, నీతోని నా తలకాయ వలుగుతాంది" అని షావుకారే దండం పెట్టాడు.

తెచ్చానే కానీ అమ్మాలి కదా! ఆన్‌లైన్‌లో మార్కెటింగ్ మెయిళ్లు రాయడం నేర్పే క్లాసులో చేరాను. బెంగళూరు సారు మూడు సూత్రాలు చెప్పాడు. పేరు పెట్టి పిలవాలి. తొందరపెట్టాలి. అసలు సంగతి దాచాలి. అమృతం దొరికినంత సంబరపడ్డాను.

మా దుకాణం లక్కీ డ్రా చీటీల్లో మెయిల్ ఐడీ అడిగితే మా ఊరి ఆడవాళ్లంతా గల్ఫ్‌లో ఉన్న భర్తలవి రాశారు. ఇంకేం! కట్టుకునేది వీళ్లు, కొనిచ్చేది వాళ్లు.

బాపు మాత్రం ఒకటే మాటన్నాడు. "ఏమన్న రాస్కో బిడ్డా. గని దుకాన్ పేరు ఖరాబ్ గావద్దు. గా పేరుకే ముప్పై ఏండ్లు పట్టింది."

"నీ దుకాన్ పేరు దుబాయిల మోగుతది సూడు బాపూ!" అన్నాను.

ముందు ఒక్కరికి పంపి చూడమన్నాడు సారు. మా లావణ్య వదిన భర్త, దుబాయిలో క్రేన్ నడిపే గంగాధర్ అన్న దొరికాడు. విషయం అనేచోట ఇలా రాశాను: 'గంగాధర్ అన్నా, అర్జెంట్! లావణ్య వదిన గురించి.' లోపల మొదటి వాక్యం: 'ఆలస్యం చేస్తే తర్వాత బాధపడతారు.' దాని కింద తలుపు తెర అంత చీర ఫొటో. రాసింది నాలుగుసార్లు చదువుకుని నా భుజం నేనే తట్టుకున్నాను.

గల్ఫ్‌లో ఉన్నవాడికి ఇంటి నుంచి 'అర్జెంట్' అని కబురొస్తే మా దిక్కున దానికి ఒకటే అర్థం. బెంగళూరు సారుకు తెలియదు, సరే. కోరుట్లలో పుట్టి పెరిగిన నా బుర్ర ఏ గట్టు మీద మేస్తోందో!

మూడో రోజు పొద్దున గంగాధర్ అన్న బ్యాగుతో సహా దుకాణంలోకి దూసుకొచ్చాడు.

"కాకా! నీ బిడ్డేది?"

"అరే గంగాధర్, ఎప్పుడచ్చినవ్? కూసో, చాయ్ తాగు."

"చాయ్ గాదు కాకా! గీ మెయిల్ సదువు."

బాపు కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. నేను చీరల గుట్ట వెనక మరో చీరలా మడతపడ్డాను.

"లావణ్యకేమైంది?" అన్నాడు బాపు కంగారుగా.

"ఏం గాలే! జగిత్యాలల పెండ్లికి వోయిందట. బ్యాండు మోతల ఫోన్ ఇనవడలే. ఫొటో నా ఫోన్ల తెరుసుకోలే. నేను ఏడ్సుకుంట సూపర్‌వైజర్ కాళ్లు వట్టుకొని లీవ్ దీస్కున్న. టికెట్ కొన్నంక ఇది ఫోనెత్తింది!"

"చీర గురించి అన్నా..." గుట్ట వెనక నుంచి నా గొంతు.

"చీరకు గంత అర్జెంట్ ఏంది చెల్లె? గుండె ఆగినంత పనైంది! ఊరంత చెప్త మీ దుకాన్ సంగతి!"

బాపు నా వైపు చూశాడు. ముప్పై ఏళ్ల పేరు ఫ్యాను కింద బిల్లు కాగితంలా ఎగిరిపోతోంది.

అప్పుడే లావణ్య వదిన మెట్లెక్కి వచ్చింది. భర్తను పైనుంచి కిందికి చూసింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మూడేండ్ల సంది రమ్మంటున్న. లీవ్ లేదంటవ్. ఈమె ఒక్క ముక్క రాస్తె ఉరికచ్చినవా?"

గంగాధర్ అన్న బ్యాగు కింద పెట్టి, "గా అర్జెంట్ చీరేదో సూపియ్ చెల్లె" అన్నాడు. ఇద్దరూ చీరలు చూడటం మొదలుపెట్టారు. నేనే మడతలు విప్పాను.

మర్నాడు షట్టరు తీసేసరికి మెట్ల మీద ఆరుగురు ఆడవాళ్లు!

"చెల్లె, మా ఆయన మస్కట్ల ఉంటడు. ఆయనకు గూడ గట్లనే రాయి."

"మా ఆయనకు ఇంక గట్టిగ రాయి. అర్జెంట్ అని రెండుసార్లు వెట్టు."

నేను చెంపలు వేసుకుని, "ఇగ రాయనక్కా" అన్నాను. వెనక నుంచి బాపు గొంతు సవరించుకున్నాడు.

"ఎందుకు రాయవు బిడ్డా? చీరకొక మెయిల్. ముందు చీర సూడుండ్రి తల్లీ!"

చీరలు అమ్ముడుపోయాయి. అర్జెంట్ మెయిళ్లు మాత్రం నేను పంపలేదు, బాపు మీద ఒట్టు! ఇదిగో, చదువుతున్న మీ అందరి ముందు ప్రమాణం: ఇకమీదట నేను ఎవరికి ఏ చీర అమ్మజూపినా, మొదటి వాక్యం 'ఇక్కడ అందరూ క్షేమం' అనే ఉంటుంది. చీర ఆ తర్వాతే.