రంగమ్మ అనని మాట

పెద్దమందడి విలేకరి సాంసన్ పుట్టింది పుణె దగ్గర, పాలమూరు నుంచి వలస పోయి రోడ్డు పని చేసే కూలీల గుడిసెలో. తల్లి మట్టి తట్ట మోస్తుంటే అతన్ని చంకనేసుకుని తిరిగింది రంగమ్మ, అదే ముఠా మనిషి.

రాష్ట్రం వచ్చాక పాలమూరు ఎలా మారిందో ఒక పేజీ నిండా రాయమని పోయిన నాట్ల కాలంలో పత్రిక అతన్ని అడిగింది. మండల విలేకరికి పేజీ మొత్తం ఇవ్వడం మాటలు కాదు. సాంసన్ కాలువ వెంట ఊరూరూ తిరిగాడు. ఒకప్పుడు కంది కూడా ఎండిపోయిన మెట్ట చెలకల్లో వరి వేస్తున్నారు. ఒక మడిలో నాటేస్తూ రంగమ్మ కనిపించింది.

"ఎట్లుంది పెద్దమ్మా ఇప్పుడు?"

"నీళ్లొచ్చినయ్ బిడ్డా. పొలమున్నోళ్లకు మంచిగనే ఉంది. మాకు గుంట జాగ లేకపాయె. నాట్లయినంక మల్ల పుణె పోతం."

ఆమె ఫొటో కింద అచ్చయింది వేరే: "మా పొలానికి నీళ్లొచ్చినయ్. ఇగ వలస పోను." అది సాంసన్ రాసిన మాటే.

నాలుగు రోజులకు మండలాఫీసుకు రంగమ్మ ఆ పేపరు పట్టుకుని వచ్చింది. ఎవరో చదివి చెప్పారట.

"సారూ, పేపర్ల నా పొలమని పడ్డదంట. యాడ ఇచ్చిన్రు? జర చూపియ్యున్రి."

వరుసలో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. వార్తల కోసం వచ్చి పక్కనే ఉన్న సాంసన్ ఫోనొచ్చినట్టు చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. రంగమ్మ తనను చూసిందని అతనికి తెలుసు.

మూడో రోజు ఆమె ఇంటికి వెళ్లాడు. గిన్నెలు మూట కడుతోంది.

"పొలం లేదు పెద్దమ్మా. నేనే రాసిన. తప్పయింది."

"నేను గట్ల అన్ననా?"

"అనలే."

"మరెందుకు రాస్తివి?"

"మంచిగ కనబడాలని."

"ఎవలు? నువ్వా, నేనా?"



సవరణ వేయమని సాంసన్ పత్రికను అడిగితే ముందు కుదరదన్నారు. వేయకపోతే మానేస్తానన్నాక, మూడు వారాలకు లోపలి పేజీలో రెండు వాక్యాలు వేశారు. అప్పటికి రంగమ్మ పుణెలో ఉంది. ఫోన్ చేసి చదివి వినిపించాడు. అవతల కాంక్రీటు మిషను మోత.

"సరే బిడ్డా. పని కాడున్న," అని పెట్టేసింది.

ఇప్పుడతను ఎవరి మాట రాసినా, పంపేముందు వాళ్లకు చదివి వినిపిస్తాడు. రంగమ్మకు మాత్రం మళ్లీ ఫోన్ చేయలేదు. మొహం చెల్లడం లేదు.