శవపేటికకు ఆరో పిడి

క్లే ఎలిజాల్డే ఆరేళ్లు యుద్ధం చేశాడు. ఒక్కనాడూ ఇంట్లో రాత్రి భోజనం తప్పలేదు. సరే, రెండుసార్లు తప్పింది. ఒకసారి దారిలో టైరు పేలింది, ఇంకోసారి పన్ను పీకించుకున్నాడు. యుద్ధం వల్ల మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

నెవాడా ఎడారిలో, ఊరికి నలభై మైళ్ల దూరాన, కిటికీలు లేని చల్లటి గదిలో అతని ఉద్యోగం. భూగోళానికి అవతల ఎగిరే డ్రోన్‌ను అక్కడ కూర్చుని నడిపేవాడు. ఒక ఇంటిని పదకొండు రోజులు చూశాడు. ఆ ఇంటాయన పొద్దున్నే మేకలకు నీళ్లు పెట్టేవాడు, మధ్యాహ్నం గోడ నీడన కునుకు తీసేవాడు. పన్నెండో రోజు క్లే మీట నొక్కాడు.

మర్నాడు ఆ మనిషిని పూడ్చడం కూడా అతన్నే చూడమన్నారు. ఎంతమంది వచ్చారో లెక్కపెట్టమన్నారు. పైనుంచి తలలు, నీడలు. ముప్పై ఎనిమిది మంది. మళ్లీ మీట నొక్కాలో వద్దో ఆజ్ఞ కోసం నాలుగు గంటలు కాచుకున్నాడు. ఏ ఆజ్ఞ వచ్చిందో ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం దారిలో పాలు కొనుక్కుని ఇంటికొచ్చాడు.

మార్చిలో అతని తండ్రి పీట్ పోయాడు. తల్లి బెర్నడెట్ ఒక్కటే అడిగింది.

"పేటిక మోసే ఆరుగురిలో నువ్వుండాలి. తర్వాత నా పక్కన నిలబడాలి. ఇంకేమీ వద్దు నాకు."

"ఉంటానమ్మా."

అంత్యక్రియల రోజు ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. పైనుంచి అంతా కనబడుతుంది. అదే అతనికి నచ్చలేదు. శ్మశానంలో జనం పేటిక చుట్టూ మూగారు. క్లే తనకు తెలియకుండానే లెక్కపెడుతున్నాడు. ముప్పై ఆరు. ముప్పై ఏడు.

"అందరూ ఒకచోట ఉండకండి. కాస్త విడివిడిగా నిలబడండి," అన్నాడు.

"ఏం, మాకేమైనా గజ్జి ఉందా?" అన్నాడు చిన్నాన్న కొడుకు రస్. "ముందు పిడి పట్టుకోరా. మీ నాన్నేమీ తేలిక మనిషి కాదు, బతికినన్నాళ్లూ గొర్రె మాంసమే తిన్నాడు."

ఒకరిద్దరు నవ్వారు. క్లే పిడి పట్టుకున్నాడు. ఆలస్యంగా వచ్చిన పోస్టాఫీసు ఆవిడ ఒగరుస్తూ గుంపులో కలిసింది. ముప్పై ఎనిమిది.

క్లే చెయ్యి పిడిని వదిలేసింది. గేటు దాటాడు, ముళ్లపొదల్లోంచి గుట్ట ఎక్కాడు, వెనక్కి తిరిగాడు. తలలు, నీడలు. ఒక నెరిసిన తల గుంపులోంచి ముందుకొచ్చి, ఖాళీగా ఉన్న ఆరో పిడి దగ్గర ఆగింది, వంగింది. అమ్మకు డెబ్బై ఒక్కేళ్లు. దిగి వెళ్లాలనుకున్నాడు, వెళ్లలేదు. చివరి కారు వెళ్లిపోయేదాకా చూస్తూనే ఉన్నాడు.

చర్చి హాల్లో భోజనాల దగ్గర రస్ ఊరుకోలేదు.

"గుట్ట మీద ఏం పనిరా నీకు? మీ అమ్మ చేత మోయించావు, సిగ్గుందా?"

"వదిలెయ్ రస్," అంది బెర్నడెట్. కొడుకు ముందు మాంసం కూర పెట్టింది. ఆమె అరచెయ్యి అడ్డంగా కమిలిపోయి ఉంది.

క్లే ఆ చేతి వైపు చూడలేదు.

"ఏ గుట్ట? నేనెక్కడికీ వెళ్లలేదు," అన్నాడు. "పిడి నేనే పట్టుకున్నాను. అమ్మ పక్కనే నిలబడ్డాను. మిగతాదంతా మీరు కల్పించింది."