విశ్వకర్మ ముందు అయస్కాంతాల ముగ్గు

రాబోయే పదేళ్ళలో రేర్ ఎర్త్ అయస్కాంతాల గిరాకీ, సరఫరా ఎలా ఉండబోతాయో అంచనా వేసి ఇమ్మని మా యజమాని నన్ను సోమవారంనాడు ఆదేశించారు. గడువు బుధవారం. ఆ రోజు సెప్టెంబరు పదిహేడు, విశ్వకర్మ పూజ. పూజకు పిలిచిన బ్యాంకు అధికారికి ప్రసాదంతో పాటు ఈ అంచనాను కూడా అందిస్తే ఋణం మంజూరవుతుందని ఆయన నమ్మకం.

మాది జంషెడ్‌పూర్‌లో ఈ-రిక్షా మోటార్లు తయారుచేసే చిన్న కార్ఖానా. నేను అక్కడ స్టోర్స్ చూస్తాను. చైనా తన అయస్కాంతాల ఎగుమతులకు కళ్ళెం వేసిన నాటినుంచి నా అరల్లో రాగి తీగ, బేరింగులు, బోల్టులు అన్నీ తేదీలవారీగా ఉన్నాయి. అయస్కాంతాలు మాత్రం లేవు. మోటారులో తిరిగే రోటర్లకు వాటిని అతికించే బల్ల వర్షాకాలంలో సగం రోజులు ఖాళీగా గడిపింది. ఋణం రాకపోతే ఆ బల్లను ఎత్తివేస్తామని యజమాని ముందే చెప్పారు. దాని దగ్గర పనిచేసేది నా భార్య తమ్ముడు. ఊళ్ళోనే బర్మామైన్స్ పేటలో అద్దెకుంటూ ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నాడు.

అందుచేత అంచనాను అత్యంత శ్రద్ధగా రాశాను. గిరాకీ గీతను పైకి లాగాను. సరఫరా గీతను కూడా పైకే లాగాను, కాకపోతే మర్యాదగా కొంచెం వెనకనుంచి. కొత్త గనులకొక పేరా, పాత మోటార్లనుంచి తిరిగి తీసే అయస్కాంతాలకొక పేరా, అసలు అయస్కాంతమే అక్కర్లేని మోటార్లకు భయంభయంగా ఒక చిన్న పేరా కేటాయించాను. పదో సంవత్సరం గురించి నాకు ఏ సందేహమూ మిగల్లేదు. వచ్చే శుక్రవారం గురించి మాత్రం ఏమీ తెలియదు.

బావమరిది దాన్ని చివరిదాకా చదివాడు.

“బావా, పదేళ్ళకి సరిపడా రాసీసినావు. రేపు నానేటి అతికించాలో అది కూడా ఓ లైను రాసీ.”

స్వల్పకాలిక విషయాలు ఈ పత్రం పరిధిలోకి రావని వివరించాను.

బుధవారం ఉదయం, ఎవరూ ఊహించని విధంగా, పక్కనే ఉన్న జుగ్సలాయి బజారు వ్యాపారి ఒకరు ఎక్కడో సంపాదించిన పెట్టె పంపారు. నెల పనికి సరిపడే అయస్కాంతాలు. ఆ రోజు పనిముట్లు ముట్టడం నిషిద్ధం. పానాలు, సుత్తులు స్నానం చేసి, సిందూరం పెట్టించుకుని దేవుడి ముందు విశ్రమిస్తున్నాయి. పెట్టెను గోళ్ళతోనే విప్పాం. సరుకు బ్యాంకు అధికారి కంట పడాలని యజమాని ముచ్చటపడ్డారు. మా బావమరిది తన అక్క గుమ్మంలో వేసే చుక్కల ముగ్గును తలచుకుని, అయస్కాంతాలు ఒకదాన్నొకటి అంటుకోకుండా మధ్యనుండే ప్లాస్టిక్ బిళ్ళలు తీసేసి, దేవుడి ముందు చెక్క పీటలమీద ఒక్కొక్క చుక్కకూ ఒక్కొక్క అయస్కాంతాన్ని ఎడంగా పేర్చాడు. నిజంగానే అందంగా ఉంది. నేనూ మెచ్చుకున్నాను.

మా కార్ఖానాలో హారతి పళ్ళెం ఇత్తడిది కాదు. ఇనుముతో బతికేవాళ్ళం ఇనుముతోనే దేవుణ్ణి కొలవాలన్న పట్టుదలతో మావాళ్ళు రేకు కోసి, సొంతంగా కొట్టి చేసుకున్నది. దాన్ని సగౌరవంగా బ్యాంకు అధికారి చేతికిచ్చాం. ఆయన భక్తితో వంగి, ముగ్గుకు బాగా చేరువగా ఒక చుట్టు తిప్పారు.

ముగ్గు లేచి పళ్ళేనికి అతుక్కుంది. గాజుపెంకుల్లా పెళుసైన సరుకది. ఒకదాన్నొకటి ఢీకొని చిట్లిన చప్పుడుకు డోలు వాయించేవాళ్ళు కూడా ఆగిపోయారు. మిగిలినవాటిని ఊడదీద్దామంటే మరునాటిదాకా పనిముట్లు ముట్టరాదు. బావమరిది పళ్ళెం కిందికి తొంగిచూశాడు.

“సగం కూడా మిగల్లేదు బావా,” అన్నాడు నెమ్మదిగా.

అధికారి మాత్రం ముగ్ధులయ్యారు. ఇంత శక్తిగల సరుకుకు భవిష్యత్తు లేకుండా ఎలా ఉంటుందని హిందీలో అడిగి, నా గీతలు చూసి తల ఊపారు. దసరా వెళ్ళాక ఋణం మంజూరైంది. నిబంధనల ప్రకారం అది భవనానికీ యంత్రాలకూ మాత్రమే. ముడిసరుకు కొనడానికి చెల్లదు. పదేళ్ళ గిరాకీకి తగినంత పెద్ద షెడ్డు కట్టడం మొదలైంది. అప్పటికి మిగిలిన అయస్కాంతాలూ అయిపోయాయి. యజమాని మాట తప్పలేదు, బల్లను ఎత్తివేయలేదు. దానిమీద గుడ్డ కప్పించి, బావమరిదిని షెడ్డు పనికి మార్చారు.

మొన్న స్టోర్స్ కిటికీ దగ్గరికి సున్నపు చేతులతో వచ్చాడు.

“మాల్ ఎప్పుడొత్తాది బావా?”

దీర్ఘకాలంలో పరిస్థితి ఆశాజనకంగా ఉందన్నాను.

“అయితే ఈలోగా రెండు సిమెంటు బస్తాలియ్యి.”

సిమెంటు కావలసినంత ఉంది. ఇచ్చాను.