ఆదివారం వచ్చిన కాగితం

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, రెండే మాటలు. మోయగా మోయగా అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. నా భార్యకు చెప్పలేదు. ఐదు పూటలా నమాజు చేసేవాణ్ణి, అక్కడ కూడా దాన్ని పేరు పెట్టి చెప్పుకోలేదు. 'నా తప్పులు మన్నించు' అని గంపగుత్తగా అడిగి లేచి వచ్చేసేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకంటారా? ఇక్కడ కువైట్‌లో మా తెలుగు సంఘం ఈ ఏడు ఒక ప్రత్యేక సంచిక వేస్తోంది. అందులో 'సేవ చేయాలనుకునేవారికి నాలుగు మాటలు' అని ఒక పేజీ నన్ను రాయమన్నారు. సంఘంలో పాతవాణ్ణి కదా. రాయడానికి కూర్చున్నాను. మొదట సులువుగానే వచ్చింది. ఆస్పత్రికి ఒంటరిగా పోవాల్సినవాళ్లకు తోడు వెళ్లండి. శనివారాలు పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించండి. రక్తం ఇవ్వండి. అరబ్బీ వచ్చినవాళ్లు రానివాళ్ల ఫారాలు నింపిపెట్టండి. అంతలో సంచిక అట్ట మీద వేయబోయే ఫొటో నా ఫోనుకు పంపారు, ఎలా ఉందో చూడమని. ఆ ఫొటోలో నేనున్నాను. పక్కన రవణమ్మ ఉంది. ఇద్దరం కలిసి మూడడుగుల అట్ట టికెట్టు పట్టుకుని ఉన్నాం. నేను నవ్వుతున్నాను. ఆ తర్వాత ఒక్క వాక్యం ముందుకు సాగలేదు.

మాది రాయచోటి. హవల్లీలో ఒక టైపింగ్ ఆఫీసులో అరబ్బీ ఫారాలు నింపడం నా ఉద్యోగం. ఇఖామా అనే నివాస అనుమతి కాగితాలు, ఫిర్యాదులు, అర్జీలు, ఏవైనా సరే. ఊరివాళ్లెవరికి ఏ కాగితం చిక్కొచ్చినా ముందు నాకే ఫోను చేస్తారు. అది నాకు ఇష్టం. ఇష్టం అని ఊరుకుంటే సగం నిజమే. నేను లేకపోతే వీళ్ల పని జరగదన్న ఊహ నాకు ఇష్టం.

రవణమ్మది మా రాయచోటి పక్క పల్లె. తొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో పనిచేసింది. ఆ ఇంటావిడను, ఇక్కడి పనివాళ్లంతా అమ్మ అనే అర్థంలో పిలిచినట్టే, మామా అనేది. మామా పోయాక కోడళ్ల చేతికి పెత్తనం వచ్చింది. జీతం సరిగ్గా లేదు, సెలవు అసలే లేదు. ఒకరోజు బయటికి వచ్చేసి, ఫింటాస్‌లో మనవైపు ఆడవాళ్లు నలుగురు ఉంటున్న గదిలో చేరింది. పాస్‌పోర్టు ఎక్కడో పోయిందన్నాడు కఫీల్, అంటే ఆమెను వీసా మీద తెచ్చుకున్న ఆ ఇంటి యజమాని. ఆ గదిలో ఉండగానే ఊరి నుంచి కబురొచ్చింది. ఆమె అక్క నాగమ్మకు కడుపులో గడ్డ, తిరుపతి డాక్టర్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారట. ఈ అక్కే రవణమ్మ ఇద్దరు పిల్లల్నీ పెంచింది. నాగమ్మకు పిల్లల్లేరు. చెల్లెలు ఇక్కడ ఎవరి పిల్లలకో అన్నం తినిపిస్తుంటే, చెల్లెలి పిల్లలకు అక్కడ అక్క తినిపించింది.

రవణమ్మకు కావలసింది ఒక్కటే. అక్కను ప్రాణంతో చూడాలి. నాతో ఇంకేమీ అడగలేదు.

మంచి పనే చేశాను, అది కూడా చెప్పనివ్వండి. నెలన్నర తిరిగాను. కఫీల్ కాళ్లావేళ్లా పడి, ఆమెను పంపడానికి సంతకం పెట్టించాను. వేలిముద్రలకు నేనే కారులో తీసుకెళ్లాను. పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి పోవడానికి ఇచ్చే ఔట్‌పాస్ కోసం నా డ్యూటీ మానుకుని వరసలో నిలబడ్డాను. టికెట్టు సంఘం కొంటుందని మాట తీసుకున్నాను. ఇదంతా నిజం. నా మీద నాకు కోపం వచ్చినప్పుడల్లా దీన్ని తీసి ముందు పెట్టుకుంటాను. ఎన్నిసార్లు పెట్టుకున్నా తూకం సరిపోదు.

ఔట్‌పాస్ ఒక ఆదివారం మధ్యాహ్నం నా చేతికొచ్చింది. ట్రావెల్స్ అతన్ని అడిగితే, సోమవారం సాయంత్రం చెన్నై విమానంలో సీటుందన్నాడు. ఆ సంతోషంలో రవణమ్మకు చెబుదామని ఫోను తీశాను. తీస్తే, వాట్సాప్‌లో ఒక ఫొటో. ఇంకో తెలుగు సంఘం వాళ్లు ఎవరికో చక్రాల కుర్చీ ఇస్తున్నారు. ముఖ్య అతిథి, శాలువా, వెనక బ్యానరు. కింద పొగడ్తలే పొగడ్తలు. అందులో మావాళ్లవే సగం.

మాకు ఆ శుక్రవారం ఊరవతల కబ్ద్‌లో కార్తీక వనభోజనాలు ఉన్నాయి. ఏటా ఒక తోట అద్దెకు తీసుకుంటాం. ఉసిరిచెట్టు ఉండదు కాబట్టి కుండీలో ఉసిరిమొక్క తీసుకెళ్లి ఖర్జూరపు చెట్ల మధ్య పెట్టి పూజ చేస్తారు. నేను కూడా ఏటా వెళతాను, వంకాయ కూర వడ్డన నాదే. చిన్న స్టేజీ, మైకు ఉంటాయి. అంతకుముందు ఏడాది ఆ మైకులో అందరి పేర్లూ చెప్పి కృతజ్ఞతలు చెప్పారు, నా పేరు మరిచిపోయారు. మరిచిపోతే ఏమైంది? ఏమీ కాలేదు. కానీ నేను మరిచిపోలేదు.

కార్యదర్శికి ఫోను చేశాను. "రవణమ్మ ఔట్‌పాస్ శుక్రవారానికి వచ్చేస్తుంది, టికెట్టు స్టేజీ మీద ఇద్దాం" అన్నాను. ఆయన పొంగిపోయాడు. చూశారా, ఆయనకు కూడా నిజం తెలియదు. కాగితం ఆపి ఉంచమని ఎవరూ నాకు చెప్పలేదు. ఆలోచన నాది, అబద్ధం నాది. అందరి ముందు ఇస్తే ఇంకో నలుగురు సాయానికి ముందుకొస్తారని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నాలుగు రోజులే కదా అనుకున్నాను. నెలన్నర ఆగిన మనిషికి నాలుగు రోజులు ఒక లెక్కా?

సోమవారం పగలు ఆమె ఫోను చేసింది. ఆ ఔట్‌పాస్ నా బల్ల సొరుగులో ఉంది. సొరుగు నా మోకాలికి తగులుతోంది.

"అన్నా, ఏమన్నా తెలిసినాదా నా?"

"ఇంకా రాలేదమ్మా."

"అక్క ఈ పొద్దు బాగ మాట్లాడతాందంట నా. రవణ యాడికొచ్చినాది, యాడికొచ్చినాది అని ఒకటే అడగతాందంట. నాకు బయమైతాంది."

"ముద్ర పడల్ల గదమ్మా. మన చేతిలో ఏముండాది? శుక్రవారానికి ఖలాస్, ఎట్లయినా పంపిస్తా."

"నువ్వుండావు గాబట్టి సరిపోయింది నా. లేకుంటే ఈ దేశంలో మమ్మల్ని ఎవురు పట్టిచ్చుకుంటారు? నీ పిల్లోళ్లు సల్లగుండల్ల."

ఫోను పెట్టేశాను. ఇంకా టైముంది అప్పటికి. విమానం సాయంత్రం. సొరుగు తీసి, కారెక్కి, ఫింటాస్‌కు పోయి ఆమెను ఎక్కించుకుంటే సరిపోయేది. ఏం చేశానో తెలుసా? ప్రింటింగ్ షాపుకు పోయాను. అట్ట టికెట్టు ఆర్డరిచ్చాను. మూడడుగులు ఉండాలి, విమానం బొమ్మ ఉండాలి, సంఘం పేరు పెద్దగా పడాలి. రవణమ్మ పేరు కింద ఎక్కడైనా పరవాలేదన్నాను. బుధవారం ఇస్తామన్నారు.

ఇక్కడితో అయిపోయి ఉంటే, ఇది గొప్ప కోసం చేసిన ఒక వెధవ పని అని మిమ్మల్ని నమ్మించేవాణ్ణేమో. కానీ ఇంకా ఉంది.

శుక్రవారం పొద్దున పది గంటలకు, కబ్ద్‌లో షామియానా కడుతుండగా, నాగమ్మ భర్త ఊరి నుంచి నాకు ఫోను చేశాడు. రవణమ్మ ఫోను కలవడం లేదని, ఆమే ఇచ్చిన నా నంబరుకు చేశాడు. తెల్లవారుజామున నాగమ్మ పోయిందన్నాడు. చెల్లెలు వచ్చేదాకా ఐసుపెట్టెలో ఉంచుతామన్నాడు. మెల్లగా చెప్పు సామీ అన్నాడు.

అటు తిరిగి చూస్తే రవణమ్మ వేరే ఆడవాళ్లతో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ సాయంత్రమే విమానమని ముందురోజు చెప్పాను; ఊరికి పోతున్నానని కొత్త చీర కట్టుకుంది.

ముఖ్య అతిథి బయల్దేరాడు. అట్ట టికెట్టు స్టేజీ వెనక ఆనించి ఉంది. ఇప్పుడు చెబితే ఏమవుతుంది? ఏడుస్తుంది. ఫొటో ఉండదు. నేను నిజంగా ఇలాగే ఆలోచించానా, లేక ఇన్నేళ్లుగా తలుచుకుని తలుచుకుని నాకు నేను అంటగట్టుకుంటున్నానా? లేదు. ఇలాగే ఆలోచించాను. 'పాపం, కాసేపు సంతోషంగా ఉండనీ' అన్న మాట తర్వాత దొరికింది, దాన్ని ముందుకు తెచ్చి పెట్టుకున్నాను.

పదకొండు గంటలకు స్టేజీ ఎక్కాం. మైకులో నా పేరు రెండుసార్లు చెప్పారు. శాలువా కప్పారు. రవణమ్మ అందరికీ దండం పెట్టింది. ఫొటో తీసేవాడు నవ్వమంటే ఇద్దరం నవ్వాం. ఆమె అక్కను చూడబోతున్నానని నవ్వింది. నేను దేనికి నవ్వానో మీరే చెప్పండి.

స్టేజీ దిగాక నన్ను మెల్లగా అడిగింది, "అన్నా, ఇంత పెద్దది విమానంలోకి ఎక్కనిస్తారా నా?" అని. అదే అసలు టికెట్టు అనుకుంది.

జుమా నమాజుకు వెళ్లొచ్చాను. అక్కడేం అడిగానో గుర్తులేదు. భోజనాలయ్యాక, విమానానికి తీసుకెళుతూ, కారులో చెప్పాను. ఆమె గొంతులోంచి వచ్చిన శబ్దం నేను రాయలేను. తర్వాత "ఎప్పుడు తెలిసినాది నా?" అంది. "ఇప్పుడే ఫోనొచ్చిందమ్మా" అన్నాను. ఆమెతో ఆడిన రెండో అబద్ధం. అప్పటికి చెప్పడం బాగా అలవాటైపోయింది. విమానాశ్రయంలో ఔట్‌పాస్, అసలు టికెట్టు చేతిలో పెట్టాను. అట్టది కారులోనే ఉండిపోయింది.

ఆమె వెళ్లాక తెలిసింది. నాగమ్మ బుధవారం దాకా మాట్లాడిందట. సోమవారం విమానం ఎక్కి ఉంటే మంగళవారం మధ్యాహ్నానికి రవణమ్మ ఆమె మంచం పక్కన ఉండేది. ఒక రోజున్నర. అక్కాచెల్లెళ్లకు తొమ్మిదేళ్ల కబుర్లు చెప్పుకోవడానికి ఆ రోజున్నర చాలకపోయినా ఏదో ఒకటి చెప్పుకునేవారు. అది వాళ్లది. నేను తీసుకున్నాను. అట్ట టికెట్టు ఇంకా మా ఇంట్లో బీరువా వెనక ఉంది. పారేద్దామని నా భార్య ఎన్నోసార్లు అడిగింది. ఎందుకు పారేయనివ్వడం లేదో ఆమెకు తెలియదు, నాకూ సరిగ్గా తెలియదు.

ఏటా కార్తీకమాసంలో రవణమ్మ ఫోను చేస్తుంది. పిల్లలెట్లుండారంటుంది. "నీ పున్యాన మా యక్క మొగమన్నా చూసుకున్న్యా నా" అంటుంది. ఆ మాట అనకుండా ఎప్పుడూ ఫోను పెట్టదు. మా సంఘంలో ఎవరైనా 'ఫొటోల సేవ' అని వేళాకోళం చేస్తే నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాను. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని మా నాయన చెప్పేవాడు. నేను ఎడమచేతికి చూపించడం కోసం కుడిచేతిని ఐదు రోజులు బిగించి పట్టుకున్నాను.

ఆమెతో చెప్పాలా? చెబితే నా బరువు దిగుతుంది, నిజమే. ఆమెకు ఎక్కుతుంది. అక్కను కడసారి చూసుకున్నానన్న ఆ కాస్త తృప్తినీ లాక్కోవాలి. ఇది ఆమె మీద జాలా, నా పరువు మీద భయమా? ఏడేళ్లుగా తేల్చుకోలేకపోతున్నాను. రెండూ ఒకే చొక్కా తొడుక్కుని వస్తాయి.

అట్ట మీద ఆ ఫొటో వద్దని ఇందాకే కార్యదర్శికి చెప్పాను. కారణం అడిగితే ఫోను పెట్టేశాను. నేను రాయాల్సిన పేజీలో మిగతావన్నీ కొట్టేసి, ఒక్క వాక్యం ఉంచాను: కాగితం చేతికొచ్చిన రోజే మనిషికి అందించండి. చదివినవాళ్లు, ఇంత మాత్రం మాకు తెలియదా అనుకుంటారు.

నాకు కూడా తెలుసు.

మీరు నన్ను క్షమించక్కర్లేదు. అది మీ చేతిలో లేదు, అడగడానికి నాకు ముఖం కూడా లేదు. ఈ ఒక్క మాట ఇంతవరకు నోటితో అనలేదు, ఎక్కడా రాయలేదు. ఆమె చదవదని తెలిసే రాస్తున్నాను.

కాగితం ఆదివారమే వచ్చింది, రవణమ్మా.