నడిమి గీత

"రూలంటే రూలేనండి." మా డ్రిల్లు సారు నోట ఈ మాట వినని రోజు ఉండేది కాదు. ఆయనది కోస్తా వైపు. మాదాపూర్‌లో బండరాళ్లు తప్ప ఇంకేమీ లేని డెబ్భైలలో మా బడికి షటిల్ ఆట తెచ్చింది ఆయనే.

పిల్లల మిక్స్‌డ్ డబుల్స్ పోటీకి నన్నూ, మా క్లాసు అబ్బాయినీ జంటగా ఎంచుకున్నారు. మా నాన్న వచ్చి కోర్టు చూశాడు. "నడుమ గీత ఉంది గద సారూ. నా బిడ్డ ఇటు, ఆ పిలగాడు అటు. దాటకుండ ఆడితేనే పంపుత."

ఆ గీత సర్వీసు వరకే. తర్వాత ఎవరు ఎటైనా వెళ్లి కొట్టవచ్చు. సారు ఆ మాట ఎత్తకుండా, "అలాగేనండి" అన్నారు. అలాగే నేర్పారు.

పోటీలో షటిల్ కాక్ వచ్చి సరిగ్గా ఆ గీత మీద పడింది. ఇద్దరం కదల్లేదు. అవతలి జట్టు పట్నం పిల్లలు మళ్లీ అక్కడే వేశారు. మళ్లీ కదల్లేదు. జనం పగలబడి నవ్వారు.

"గిట్ల ఎవరు నేర్పిండ్రు?" అన్నాడు అంపైరు.

"నేనేనండి. నాకు రూల్స్ సరిగ్గా తెలియవు" అన్నారు సారు.

పక్కనే ఉన్న నాన్న, తనకేమీ తెలియనట్టు అందరితో పాటు సారు వైపే చూశాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు బడిలో ఆడుతుంటే ఒకడు సర్వీసు చేస్తూ గీత తొక్కాడు. "రూలంటే..." అన్న సారు, నన్ను చూసి ఆగిపోయారు.