ఆర్విడ్ తప్పుదారి

కెనడాలో మా సస్కాచెవాన్ ఐస్ హాకీ జట్టు బస్సు నడిపే ఆర్విడ్ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు కాఫీ కప్పులో ఉమ్ముతూ, మంచు తుఫానులోనైనా దారి పట్టేస్తాడు. ఒక్కసారి మాత్రం దారి తప్పి ఎవరో రైతు పశువుల కొట్టం ముందు తేలాడు. ఆ రోజు జట్టు గెలిచింది. అదృష్టం పోతుందని గెలిచిననాటి మేజోళ్లే ఉతక్కుండా తొడుక్కునే మా ఆటగాళ్లు ఊరుకుంటారా? అప్పట్నుంచీ ఏ ఊరెళ్లినా ముందు ఆ కొట్టం దాకా దారి తప్పాల్సిందే. ఫైనల్ రోజున ఆర్విడ్‌కు పౌరుషం పొడుచుకొచ్చి బస్సు నేరుగా పోనిచ్చాడు.

"ఏం బాబాయ్, మమ్మల్ని ఓడిద్దామనా? తప్పుదారి అటు!" అని మా గోల్‌కీపర్ లబలబలాడాడు.

ఆర్విడ్ పొట్టు ఉమ్మి, బస్సు వెనక్కి తిప్పాడు. కొట్టం ముందు ఆ రైతు భార్య ఎప్పట్లాగే కాఫీ ఫ్లాస్కుతో చలికి వణుకుతూ నిలబడి ఉంది.

"ఇంత ఆలస్యమా? నీకు దారి తెలిసిపోయిందేమోనని హడలి చచ్చానయ్యా!"